బుగ్గారం ఏ డ్రైవ్‌లో ఉంది?

జగిత్యాలలో కంప్యూటర్లు బాగుచేసే ఏ కుర్రాణ్ణి అడిగినా చెబుతాడు: ఫార్మాట్ కొట్టినంత మాత్రాన పాత గీతలు పోవు. డిస్కులో ఏ భాగం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో రాసి ఉండేది పార్టిషన్ టేబుల్. 1983 నాటి ఎంబీఆర్ పద్ధతిలో అది మొదటి 512 బైట్లలోనే ఇమిడిపోయేది. తర్వాత వచ్చిన జీపీటీ మహా గడుసుది. మొదట్లో ఒక ప్రతి ఉంచి, డిస్కు చిట్టచివర ఇంకొకటి దాచుకుంటుంది. మనం ముందున్నది చెరిపి, కొత్తగా ఫార్మాట్ చేసి చేతులు దులుపుకుంటాం. వెనకున్నది చెక్కుచెదరదు. ఒక సాఫ్ట్‌వేర్ కొత్త పట్టిక చదివి రెండు భాగాలంటుంది, ఇంకొకటి పాతది తవ్వి తీసి నాలుగంటుంది. అబద్ధమాడేది ఏదీ కాదు.

ఈ విద్యలో మన ఏలికలు ఎవరికీ తీసిపోరు. 2016 అక్టోబరు 11, దసరా నాడు, పది జిల్లాల తెలంగాణను 31 జిల్లాలుగా ఫార్మాట్ చేశారు. కరీంనగర్‌లోంచి జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల విడివడ్డాయి. ధర్మపురి మండలంలోంచి బుగ్గారం మండలం పుట్టింది. బోర్డులు మారాయి, రబ్బరు స్టాంపులు మారాయి. నియోజకవర్గాల పట్టిక మాత్రం 2001 జనాభా లెక్కలు చూసి 2008లో గీసినదే.

ఇక చూడండి తమాషా. బుగ్గారం ఓటరుకు జిల్లా జగిత్యాల, ఎమ్మెల్యే ధర్మపురి, ఎంపీ పెద్దపల్లి. అదే జిల్లాలోని జగిత్యాల, కోరుట్ల నియోజకవర్గాల వాళ్ల ఎంపీ నిజామాబాద్. అదే జిల్లాలోని కథలాపూర్ మండలం వేములవాడ నియోజకవర్గంలో ఉంది కనుక వాళ్ల ఎంపీ కరీంనగర్. ఒక్క కలెక్టరు సమీక్ష పెడితే ముగ్గురు ఎంపీలకు కుర్చీలు వేయాలి! ధర్మపురి ఎమ్మెల్యే కష్టం ఇంకో రకం. ఆయన నియోజకవర్గంలోని ధర్మారం మండలం పెద్దపల్లి జిల్లాలో ఉంది, కాబట్టి ఇద్దరు కలెక్టర్లతో సంసారం చెయ్యాలి. ఇవి చాలవన్నట్టు ఉద్యోగాల జోన్లకు వేరే గీతలు: జగిత్యాల బాసర జోన్, సిరిసిల్ల రాజన్న జోన్, పెద్దపల్లి కాళేశ్వరం జోన్. పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నిక వచ్చిందా, డిస్కు చివర దాచిన ప్రతి బయటికొస్తుంది. 2025లో కూడా ‘మెదక్–నిజామాబాద్–ఆదిలాబాద్–కరీంనగర్’ అనే చదివారు.

రోడ్డు గుంతలు పడ్డప్పుడు ఈ గీతలన్నీ ఎంత అక్కరకొస్తాయో అధికారంలో ఉన్నవాళ్లను అడగాలి. ఒకరు జిల్లా హద్దు చూపిస్తారు, ఒకరు నియోజకవర్గం హద్దు చూపిస్తారు. గుంత మాత్రం ఏ పట్టికలో చూసినా ఒకే చోట ఉంటుంది.

బుగ్గారానికి ఈ చెరుపుడు కొత్త కాదు. ఒకప్పుడు అదే ఒక అసెంబ్లీ నియోజకవర్గం. జువ్వాడి రత్నాకర్ రావు 2004లో గెలిచింది అక్కడినుంచే. 2008 పునర్విభజనలో బుగ్గారం, మేడారం, మెట్‌పల్లి పేర్లు ఎగిరిపోయి ధర్మపురి, కోరుట్ల వచ్చాయి. ఎమ్మెల్యే సీటు పోయిన ఊరికి ఎనిమిదేళ్ల తర్వాత తహసీల్దారు కుర్చీ దక్కింది. చక్రవడ్డీ లేకుండా తిరిగొచ్చిన బాకీ అనుకోవాలేమో.

చెరిపే ఆదేశాలు లేక కాదు. లైనక్స్‌లో వైప్‌ఎఫ్‌ఎస్ అని ఒక్క వరుస కొడితే పాత గుర్తులన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. విండోస్‌లో డిస్క్‌పార్ట్ తెరిచి ‘క్లీన్’ అంటే చాలు. మన దగ్గరా 2014 విభజన చట్టం 26వ సెక్షన్లో తెలంగాణ సీట్లు 119 నుంచి 153 అవుతాయని రాసే ఉంది. ఎవరూ ఎంటర్ నొక్కలేదు. 2026 తర్వాత జరిగే జనాభా లెక్కల దాకా ఆగమని రాజ్యాంగం అంటోందని ఢిల్లీ జవాబు. సరే, ఒప్పుకుందాం. ఆ పట్టిక కదలదని 2016లో హైదరాబాద్‌కు తెలియదా? తెలిసే, దాని మీదుగా అడ్డదిడ్డంగా గీశారు. చాలక 2019లో ములుగు, నారాయణపేట కలిపి లెక్క 33 చేశారు. గీసేటప్పుడు ఎవరికీ అడ్డురాని రాజ్యాంగం, చెరపమంటేనే గుర్తొస్తుంది.

జీడిస్క్ అనే పనిముట్టు ఉంది. డిస్కులో రెండు పట్టికలూ కనబడితే అది ముందుకు కదలదు. ఏది వాడమంటావని అడుగుతుంది: ఎంబీఆరా, జీపీటీయా, లేక అన్నీ తీసేసి ఖాళీదా? బుగ్గారం ఓటరును ఆ మాట ఇంతవరకు ఎవరూ అడగలేదు. మూడోదే కావాలంటాడన్న భయం కాబోలు.