ముక్కు పక్క సందులో మధ్య మెదడు

మన పిల్లల బుర్రలో ఒక ముక్క నిద్రపోతోందట. పుట్టినప్పటి నుంచీ ముసుగు తన్ని పడుకునే ఉందట. దాన్ని లేపడానికి రెండు రోజుల శిబిరం, వేలల్లో ఫీజు, చెవులకు హెడ్‌ఫోన్లు, వాటిలో ‘ఆల్ఫా’ సంగీతం, కళ్ళకు నల్ల గంతలు. ఆదివారం సాయంత్రానికల్లా ఆ ముక్క లేచి కూర్చుంటుంది. ఇక మీవాడు గంతలు విప్పకుండానే పాఠం చదువుతాడు, నోటు మీద నంబరు చెబుతాడు, రంగు పెన్సిళ్ళు వేరు చేసి పెడతాడు. దీని పేరు మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్. మలేషియా వైపు నుంచి మన దేశంలోకి దిగిన సరుకు. ఐదేళ్ళ నుంచి పదిహేనేళ్ళ లోపు పిల్లలకే పనిచేస్తుందట. పదహారో ఏట మెదడుకి ఏమవుతుందో నిర్వాహకులు చెప్పరు గానీ, పదహారో ఏట పిల్లలకి ఏమవుతుందో మనకు తెలుసు. ఎదురు ప్రశ్న వేస్తారు.

సరే, ఆ నిద్రపోతున్న ముక్క ఉండేదెక్కడో ముందు చూద్దాం. అందుకు మలేషియా పోనక్కర్లేదు. మన హైదరాబాద్‌లో నయాపూల్ దాటితే చాలు. కోఠీలోని ఉస్మానియా మెడికల్ కాలేజీకి మూలమైన వైద్య పాఠశాల 1846లోనే మొదలైంది. పుర్రె లోపల ఏముందన్నది ఈ ఊరికి కొత్త సంగతి కాదు.

పుర్రె పైకప్పు తీసి, మెదడు ఎత్తేసి, అడుగున నేల చూస్తే అది చదునుగా ఉండదు. ముందు నుంచి వెనక్కి మూడు మెట్లుగా దిగుతుంది. పై మెట్టు కనుగుడ్లకు కప్పు. దాని మీద మెదడు ముందు భాగం ఆనుకుని ఉంటుంది. ఆ మెట్టు నడుమ జల్లెడలా సన్నని చిల్లులున్న ఎముక పలక ఒకటి. ముక్కులోంచి వాసన నరాలు పైకి పాకేది ఆ చిల్లుల్లోంచే. రెండో మెట్టు మధ్యలో గుర్రపు జీను ఆకారపు గుంట, అందులో పిట్యూటరీ గ్రంథి. ఆ జీనుకి కాస్త ముందు, అటొకటి ఇటొకటి రెండు చిన్న కాలువలు. చూపు నరాలకు దారి అవే, వేరే దారి లేదు. ఒక్కో నరంలో పది లక్షలకు పైగా పోగులు. అన్నిటికన్నా లోతైన మూడో మెట్టులో చిన్న మెదడు, దాని అడుగున వెన్నుపాము దిగే పెద్ద రంధ్రం. ఈ చిన్న మెదడుకీ పైనున్న పెద్ద మెదడుకీ మధ్య మందపాటి పొర ఒకటి గుడారంలా పరచుకుని ఉంటుంది. ఆ గుడారానికి ముందువైపు ఒక గుమ్మం. గుమ్మంలో నిలబడి ఉన్నదే మన కథానాయకుడు, మధ్య మెదడు. పొడవు రెండు సెంటీమీటర్లు.

రెండు సెంటీమీటర్లే గానీ చేసే చాకిరీ తక్కువ కాదు. వెనకవైపు నాలుగు బొడిపెలు. పై రెండూ చూపుకి సంబంధించినవి, కింది రెండూ వినికిడికి. లోపల నల్లటి పట్టీ ఒకటి, అక్కడి కణాలు రాలిపోతే పార్కిన్సన్స్ జబ్బు. కనురెప్పను ఎత్తే, కంటిపాపను ముడిచే మూడో నరం పుట్టేది ఇక్కడే. మనిషిని మెలకువగా ఉంచే నరాల అల్లిక పైకి పోయేది కూడా ఇందులోంచే. కాబట్టి మధ్య మెదడు నిజంగా నిద్రపోయిన పిల్లవాడు శిబిరానికి అమ్మ చేయి పట్టుకుని రాడు. స్ట్రెచర్ మీద, క్యాజువాల్టీకి వస్తాడు. తన కాళ్ళ మీద నడిచొచ్చి, కళ్ళు తెరిచి, ‘ఎప్పుడు పోదాం డాడీ’ అని అడిగినవాడికి యాక్టివేషన్ ఏనాడో అయిపోయింది, అదీ ఉచితంగా.

ఇక్కడ కొంచెం చదువుకున్న నిర్వాహకుడైతే ‘బ్లైండ్‌సైట్’ అనే మాట బయటికి తీస్తాడు. పాపం, ఆ మాట నిజమైనదే. మెదడు వెనక భాగంలో చూపుని అర్థం చేసుకునే చోటు దెబ్బతిన్న రోగులు కొందరు, తమకేమీ కనబడటం లేదంటూనే, ఎదురుగా కదిలే వెలుగు ఏ పక్కన ఉందో సరిగ్గా చూపించారు. లారెన్స్ వైస్‌క్రాంజ్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1970లలో దీన్ని పరిశీలించారు. మధ్య మెదడు పైబొడిపెలకు ఇందులో పాత్ర ఉందంటారు. అయితే ఆ రోగుల కళ్ళు తెరిచే ఉన్నాయి. వెలుగు రెటీనా మీద పడింది. పైబొడిపెలకైనా కబురు అందేది కంటి నుంచే గానీ, ఫీజు రసీదు నుంచి కాదు. పైగా వాళ్ళెవరూ ఆ చూపుతో పేపరు చదవలేదు.

బ్లైండ్‌సైట్ దొరకనివాళ్ళు ‘మూడో కన్ను’ అంటారు. అది పీనియల్ గ్రంథి అట. ఉన్న చోటు మాత్రం సరిగ్గా కుదిరింది, మధ్య మెదడు పైబొడిపెల నడుమే ఉంటుంది. సెంటీమీటరు కూడా ఉండదు. ఆత్మ అందులోనే కాపురం ఉందని తత్వవేత్త దెకార్త్ అనుకున్నాడు. దాని అసలు పని రాత్రి వేళకి మెలటోనిన్ వదలడం. రాత్రయిందన్న సంగతి కూడా దానికి ఆ రెండు కళ్ళే చుట్టు దారిలో చెప్పాలి. వయసు మీదపడేకొద్దీ అందులో సున్నం పేరుకుంటుంది. మూడో కంటికి శుక్లాల ఆపరేషన్ ప్యాకేజీ ఇంకా ఎవరూ మొదలుపెట్టలేదు. నేను ఐడియా ఇచ్చినట్టు కాకూడదు.

ఇక ప్రదర్శన. ఏ ఫంక్షన్ హాల్లో జరిగినా ఒకటే తంతు. పిల్లవాణ్ణి స్టేజీ మీదికి పిలుస్తారు. గంతలు కడతారు. గుడ్డ నుదుటికి ఆనుతుంది, కణతలకు ఆనుతుంది, ముక్కు దూలం దిగే చోట మాత్రం ఆనదు. అటూ ఇటూ సందు మిగులుతుంది, చిటికెన వేలు కూడా పట్టనంత. పిల్లవాడు గడ్డం కాస్త పైకెత్తుతాడు. చేతిలో చీటీ పొట్ట దగ్గర పట్టుకుంటాడు, దాన్ని మెల్లగా ముక్కు కిందికి జరుపుతాడు. కాగితం మీద వేళ్ళు రుద్దుతాడు, వాసన చూస్తాడు. ‘చూశారా, తరంగాలు గ్రహిస్తున్నాడు’ అంటారు మైకులో. ‘ఏడు’ అంటాడు పిల్లవాడు. చప్పట్లు. వెనక వరసలోంచి ఒక ముసలమ్మ లేచి, ‘బిడ్డా, జర గా చీటీ నెత్తి మీద వట్టుకో, అప్పుడు జెప్పు’ అందనుకోండి. సంగీతం ఆగిపోతుంది. ‘అమ్మా, మీరు డౌట్ పడితే బాబు ఎనర్జీ పడిపోతది’ అంటాడు సారు. ఆ ముసలమ్మ మధ్య మెదడు గురించి వినకపోవచ్చు. ప్రయోగం ఎలా చేయాలో మాత్రం ఆమెకు తెలుసు.

ఎందుకంటే పరీక్ష అంతా ఆ ఎత్తులోనే ఉంది. చీటీని కనుబొమల పైకి ఎత్తండి, లేదా ముక్కు సందు కనబడకుండా టేపు వేయండి. చైతన్యం పొందిన మెదడు చటుక్కున మళ్ళీ పడుకుంటుంది. మంగళూరు హేతువాది నరేంద్ర నాయక్ ఏళ్ళ తరబడి ఈ గారడీని బయటపెడుతూనే ఉన్నారు. అయినా శిబిరాలు ఆగవు. ఆగకపోవడానికి పిల్లలూ ఒక కారణమే. సందులోంచి కనబడుతోందని పిల్లవాడికి తెలుసు. సారుకి తెలుసని కూడా వాడికి తెలుసు. కింద మొదటి వరసలో నాన్న ఫోను ఎత్తి వీడియో తీస్తున్నాడు, అమ్మ కళ్ళు తుడుచుకుంటోంది. ఇప్పుడు ‘సందులోంచి చూశాను’ అనడానికి ఎనిమిదేళ్ళ వాడికి ఎంత గుండె ఉండాలి? రెండు రోజుల్లో వాడికి నిజంగా వంటబట్టిన విద్య ఇది. పెద్దవాళ్ళు డబ్బు కట్టి వినాలనుకున్నది వాళ్ళకు చెప్పేయడం. ఈ శిబిరాల మీద నాకు కోపం అసలు ఇక్కడే. తల్లిదండ్రులు పోగొట్టుకున్న డబ్బు గురించి అంత కాదు.

పరీక్ష అనే మాటకి ఈ ఊరిలో పాత చరిత్ర ఉంది. 1880లలో మత్తు కోసం క్లోరోఫారం ఇస్తే రోగి ఎలా చచ్చిపోతాడన్నది పెద్ద తగువు. గుండె ఆగి పోతాడా, ఊపిరి ఆగి పోతాడా? ఊపిరి నడిపే కేంద్రం కూడా పుర్రె లోపలిదే, ఆ పెద్ద రంధ్రానికి కాస్త పైన, మెడుల్లాలో ఉంటుంది. హైదరాబాద్ రెసిడెన్సీ సర్జన్, ఇక్కడి మెడికల్ స్కూలు ప్రిన్సిపల్ ఎడ్వర్డ్ లారీ మాత్రం ఊపిరి ఒక్కటీ చూసుకోండి, నాడి సంగతి మరిచిపోండి అనేవాడు. 1888లో మొదటి కమిషన్ పెట్టి జంతువుల మీద ప్రయోగాలు చేశారు. లండన్‌లో లాన్సెట్ పత్రిక ఆ ఫలితాలను నమ్మలేదు. నిజాం ప్రభుత్వం కోప్పడలేదు, ‘మీకు నెగటివ్ ఎనర్జీ ఉంది’ అననూ లేదు. వెయ్యి పౌండ్లు ఇస్తాం, మీ మనిషినే పంపి చూసుకోండి అంది. నిజాం మహబూబ్ అలీ పాషా రోజులవి. 1889లో లాన్సెట్ తరఫున లాడర్ బ్రంటన్ వచ్చాడు, రెండో కమిషన్ కూర్చుంది. చివరికి లారీ మాటే నెగ్గింది.

అసలు మజా ఆ తర్వాత. ఆ నెగ్గిన మాట తప్పు! క్లోరోఫారం తేలికపాటి మోతాదులో ఉన్నప్పుడు కూడా గుండె లయ తప్పి ఉన్నట్టుండి ఆగగలదని 1911లో ఎ.జి. లెవీ అనే పరిశోధకుడు పిల్లుల మీద చూపించాడు. పరాయివాణ్ణి పిలిచి, డబ్బు పోసి, అంత తతంగం చేసినా పొరపాటు దొర్లింది. దొర్లింది కనుకనే ఇంకొకడు వచ్చి దిద్దగలిగాడు, అన్నీ రాసిపెట్టి ఉన్నాయి గదా. మన శిబిరాలకు ఆ బాధ లేదు. పరీక్షే పెట్టరు కాబట్టి ఎన్నడూ తప్పు తేలదు.

గంతల విద్యకు కూడా ఈ ఊళ్ళో మర్యాదస్తులున్నారు. మెజీషియన్ బి.వి. పట్టాభిరామ్ కళ్ళకు గంతలు కట్టుకుని రవీంద్రభారతి నుంచి చార్మినార్ దాకా స్కూటర్ నడిపారు. 1980ల నాటి మాట. అది మేజిక్. చూసినవాళ్ళు నోరెళ్ళబెట్టారు, ఎవరూ తమ పిల్లల్ని గంతలు కట్టి స్కూటర్ ఎక్కించలేదు. ఇప్పటికీ పత్తర్‌గట్టి వైపు అత్తర్ల పక్కనే సుర్మా అమ్ముతారు. కంటికి చలువ అంటారు. అది కూడా డాక్టర్లు ఒప్పుకోని మాటే, సుర్మాలో సీసం ఉండొచ్చని హెచ్చరిస్తారు. కనీసం ఆ దుకాణదారు కళ్ళుండాలని ఒప్పుకుంటాడు. చిలక జోస్యం చిలకైతే కళ్ళు తెరిచే చీటీ తీస్తుంది.

మధ్య మెదడు మీద నిజంగా ప్రేమ ఉన్న తల్లిదండ్రులకు ఒక సంగతి. తలకు గట్టి దెబ్బ తగిలి లోపల రక్తం గడ్డకట్టిందనుకోండి. పుర్రె సాగేది కాదు, మెదడుకి జరగడానికి చోటు లేదు. పెద్ద మెదడుకి కిందివైపు ఉన్న ఒక్క గుమ్మం ఆ గుడారపు గుమ్మం. దాని అంచు అందులోకి తోసుకొస్తుంది, మూడో నరం నలుగుతుంది, మధ్య మెదడు నొక్కుకుంటుంది. ఆ పక్క కంటిపాప పెద్దదై, వెలుగు పడినా ముడుచుకోదు. క్యాజువాల్టీలో డ్యూటీ డాక్టరు రెప్ప ఎత్తి టార్చి కొట్టేది దాని కోసమే. మధ్య మెదడుకి డాక్టర్లు పెట్టే పరీక్షల్లో మొదటిది అది. దానికి ముక్కు పక్క సందు పనికిరాదు.

శిబిరానికి మాత్రం పిల్లవాణ్ణి ఎలా తీసుకొస్తున్నారు? మదీనా చౌరస్తా రద్దీలో, బండి ముందు ట్యాంకు మీద కూర్చోబెట్టి. హెల్మెట్ ఉంది, నాన్న మోచేతికి వేలాడుతోంది, చౌరస్తాలో పోలీసు కనబడితే తలకెక్కడానికి సిద్ధంగా. పిల్లవాడికి అదీ లేదు. నాలుగేళ్ళు దాటితే పిల్లలైనా సరే టూవీలర్ మీద హెల్మెట్ పెట్టుకోవాల్సిందేనని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం చెబుతోంది. పిల్లల సైజు హెల్మెట్‌కి అయ్యే ఖర్చు శిబిరం ఫీజులో ఏ మూలకు? అయినా దాన్ని పెట్టుకుంటే స్టేజీ ఎక్కించరు, సర్టిఫికెట్ ఇవ్వరు, వీడియోకి లైకులు రావు.

కట్టి తీరాల్సిందే అనుకునేవాళ్ళు ఫీజు కట్టండి, కాదనను. షరతులు మాత్రం మనవి. గంతలు మన ఇంటివి, ఈతకొట్టే కళ్ళద్దాలకు నల్ల టేపు అంటించినవి. చీటీ మనం రాసింది. ఎత్తు కనుబొమలకు జానెడు పైన. హాల్లో ఆ ముసలమ్మకి మొదటి వరసలో కుర్చీ. డబ్బు పదో చీటీ చదివాక ఇద్దాం, అడ్వాన్సు లేదు. ఈ బేరానికి ఏ సారైనా ఒప్పుకుంటే కబురు పెట్టండి, చప్పట్లు కొట్టడానికి నేనూ వస్తాను.