మరమ్మతు ఒకరిది, మాట ఇంకొకరిది

సర్వర్ పడిపోతే లేపడానికి ఇద్దరు చాలు. "ఏమైంది?" అని అడగడానికి మాత్రం ఎనభైమంది వస్తారు.

అమెరికాలో పట్టపగలంటే మా ఊరు రాజపాళయంలో నడిరాత్రి. ఆ వేళలో మోగే కాల్‌లో మొదటి పది నిమిషాలు "నా మాట వినిపిస్తోందా?"తోనే సరి. తర్వాత ఒక డైరెక్టరు "ఎప్పటికి బాగవుతుంది?" అంటాడు. లాగ్‌లు చదువుతున్న కుర్రాడు చదువు ఆపి జవాబిస్తాడు. అంతలో ఆలస్యంగా చేరిన ఇంకో పెద్దాయన "మొదట్నుంచీ ఒకసారి చెప్పు బాబూ" అంటాడు. కుర్రాడు మళ్ళీ మొదట్నుంచీ చెబుతాడు. సర్వర్ పడే ఉంటుంది.

2005లో తపాలా బిళ్ళకెక్కిన మా ఊరి తెల్ల వేటకుక్కల్లో పుట్టుచెవుడు తరచుగా కనిపిస్తుంది. అలాంటి కాల్‌లో మరమ్మతు పని అప్పగించాల్సింది వాటికే.

1936లో రామస్వామి రాజా రాజపాళయం మిల్స్ పెట్టిన దగ్గర్నుంచి మా ఊళ్ళో చాలా ఇళ్ళకు నూలే కూడు పెట్టింది. మా మావయ్య కూడా ఒక మిల్లులో మేస్త్రీగా రిటైరైనవాడే. ఒక రాత్రి నా కాల్ కాసేపు విని, "ఏమిరా, అందరూ మాట్లాడేవాళ్ళే, పనెవరు చేస్తున్నారు?" అన్నాడు. ఆయన హయాంలో రింగ్ ఫ్రేమ్ ఆగితే ఫిట్టరు అందులో చేతులు పెట్టేవాడు, ఆఫీసుకు కబురు ఈయన చెప్పేవాడు. మేనేజరైనా సరే, ఏమడిగినా ఈయన్నే అడగాలి.

ఇదే సంగతి తెలియడానికి అమెరికాలో అడవులు తగలబడాల్సి వచ్చింది. 1970 కాలిఫోర్నియా కార్చిచ్చుల్లో ఒక్కో శాఖది ఒక్కో రేడియో, ఒక్కో పరిభాష. ఆ గందరగోళంలోంచి పుట్టిన, ఎవరి పని ఏమిటో ముందే పంచేసే ఇన్సిడెంట్ కమాండ్ పద్ధతినే తర్వాత కంప్యూటర్ కంపెనీలు ఎరువు తెచ్చుకున్నాయి. అదే ఏడు అపోలో 13లో ఆక్సిజన్ ట్యాంకు పేలినప్పుడు, హ్యూస్టన్‌లో గదినిండా ఇంజనీర్లున్నా వ్యోమగాములతో మాట్లాడే బాధ్యత మాత్రం ఒక్క క్యాప్‌కామ్‌దే.

2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్ దాదాపు ఆరు గంటలు మాయమైంది. మరమ్మతు గురించి మాట్లాడుకోవాల్సిన సొంత సాధనాలు కూడా దాంతోపాటే పోయాయి. మావయ్య గోడ క్యాలెండర్ మీద పెన్సిల్‌తో రాసుకున్న నంబర్లు మాత్రం ఆ రోజూ పనిచేసేవే.

ఇప్పుడు మా జట్టులోనూ మరమ్మతు ఒకరిది, మాట ఇంకొకరిది. మాట నాది. అరగంటకోసారి "ఇంకా ఏమీ తేలలేదు, మళ్ళీ మూడున్నరకు చెబుతా" అని రాస్తాను. ఏమీ చెప్పని ఆ వాక్యంతోనే డెబ్బైమంది నిద్రకు పోతారు.

అంతా చక్కబడ్డాక, ఎవరినీ నిందించకూడదన్న షరతు మీద సమీక్ష పెడతాం. ఆ షరతు విని మా అత్తయ్య తెల్లబోయింది.

"తప్పెవరిదో తేల్చరా? మరి గంటసేపు ఏం మాట్లాడుకుంటార్రా?"