మా కార్డుల బావ

చుండూరులో దిగాల్సిన మనిషి కదలకుండా కూర్చుని తర్వాతి స్టేషను మోదుకూరులో దిగాడంటే కారణాలు రెండే. తెనాలిలో పట్టిన కునుకు వదలకపోయి ఉండాలి, లేదా ఆ మనిషి మా బావ అయి ఉండాలి.

బావకి బండిలో కునుకు పట్టదు. ఒళ్లో యూరియా సంచి ఉంటుంది. సంచిలో పాత లుంగీ, లుంగీలో చుట్టిన అట్టపెట్టె, పెట్టెలో 36 పొట్లాలు, పొట్లానికి 10 కార్డులు. పార్సిలు ఇంటికి రానివ్వడు. తెనాలిలో స్నేహితుడి మందుల షాపు అడ్రసు ఇస్తాడు. చుండూరు స్టేషను బయట టీ బంకు దగ్గర సాయంత్రం పూట అప్పిచ్చినవాళ్లు కనీసం ఇద్దరు ఉంటారు. వాళ్లు బావ కోసం కూర్చోరు, టీ కోసమే కూర్చుంటారు. కాని బావ కనపడితే గ్లాసు కింద పెట్టి లేస్తారు. అందుకని మోదుకూరులో దిగి, దొరికిన ఆటో పట్టుకుని, ఊరి బయట దిగిపోయి, మినుము చేను చూసుకుని వస్తున్న రైతులాగా గట్ల మీదుగా ఇంటికి చేరతాడు. లుంగీకి కాస్త మట్టి కూడా రాసుకుంటాడు. పని మీద శ్రద్ధ అంటే అదీ.

ఇలాంటి బావ ప్రతి ఊళ్లోనూ ఒకడుంటాడు. ఒకడికి పాత నాణేలు, ఒకడికి గ్రామఫోను రికార్డులు, ఒకడికి చివర 786 ఉన్న నోట్లు. తెనాలి చుట్టుపక్కల ఏ పిచ్చీ లేని మనిషికి పిల్లనివ్వడానికి ఆలోచిస్తారు. బావ తాత పద్యనాటకాలకి ఎకరం అమ్మాడు. హార్మోనియం వాయించేవాడికి పట్టుపంచె పెట్టడం ఆయన సరదా. తండ్రి ఎడ్ల బండలాగుడు పందేలకి అరవై సెంట్లు అమ్మాడు. ఒంగోలు జత మెడలో గంటలు కట్టి పందేనికి తోలుకెళ్తుంటే ఊరు ఊరంతా వెనకాల నడిచిందట. బావ దగ్గరికి వచ్చేసరికి అమ్మడానికి మిగిలింది తక్కువ, అందుకని అప్పు చేస్తున్నాడు. పైగా తాత వెనకా తండ్రి వెనకా ఊరు నడిచింది. బావ వెనక నడిచేది అప్పులవాళ్లే.

చిన్నప్పుడు మేమిద్దరం బచ్చాలాడేవాళ్లం. రోడ్డు మీద దొరికిన సిగరెట్ పెట్టెలు చింపి, చదును చేసి, పేర్చి, రాయి విసిరి కొట్టే ఆట. చార్మినార్ పెట్టెకి ఒక విలువ, గోల్డ్ ఫ్లేక్‌కి ఇంకో విలువ. బావకి అప్పుడే ఆట మీద కన్నా అట్ట మీద మోజు. గెలిచినవి ఆడకుండా దాచేవాడు. తర్వాత బిగ్ ఫన్ బబుల్‌గమ్ వచ్చింది, క్రికెటరు బొమ్మతో. గమ్ నాకిచ్చి కార్డు తాను ఉంచుకునేవాడు. నా ముందుపళ్లు రెండు పుచ్చిపోవడానికి కపిల్‌దేవే కారణమని మా అమ్మ చాలాకాలం నమ్మింది. ఆ తర్వాత కుస్తీవాళ్ల ట్రంప్ కార్డులు. యోకోజునా చేతిలో ఉంటే బరువు అడిగితే చాలు, అవతలివాడి కార్డు మనదే. బావ జీవితంలో లాభంతో ముగిసిన వ్యవహారం అదొక్కటే.

ఇదంతా నేను వేళాకోళంగా చెబుతుంటే బావ చరిత్ర విప్పుతాడు. అసలు ఈ కార్డులు పుట్టిందే సిగరెట్ పెట్టెలో కదరా అంటాడు. నిజమే. పెట్టె నలిగిపోకుండా లోపల పెట్టిన గట్టి అట్టముక్కే మొదటి కార్డు. దాని మీద బొమ్మ వేస్తే కొనేవాడు ఇంకో పెట్టె కొంటాడని అమెరికా కంపెనీలు కనిపెట్టాయి. 1909 నుంచి 1911 దాకా అలా వచ్చిన వరసలో హోనస్ వాగ్నర్ అనే బేస్‌బాల్ ఆటగాడి కార్డు తొందరలోనే ఆగిపోయింది. బయటికొచ్చినవి కొద్దే. వాటిల్లో ఒకటి 2022లో 72 లక్షల 50 వేల డాలర్లకి పోయింది. "వాళ్లు అట్ట దాచుకున్నారు, మనం పెట్టెని రాయిపెట్టి కొట్టాం. మన దేశం ఎక్కడ వెనకబడిందో తెలిసిందా?" అంటాడు బావ. పొగాకు పండించిన గుంటూరు జిల్లాలో పుట్టి ఆ మాట వినాల్సి రావడం నాకు చిన్నతనమే.

ఇప్పుడు ఆయనకి పట్టింది పోకెమాన్. జపాను వాళ్ల బొమ్మ జంతువులు. అక్కడ 1996లో కార్డులుగా మొదలై, 1999లో ఇంగ్లీషులోకి వచ్చాయి. మా మేనల్లుడికి ఏడో తరగతిలో పట్టింది, తొమ్మిదో తరగతిలో వదిలింది. వాడి నుంచి తండ్రికి అంటుకుంది. గవదబిళ్లలు పెద్దవాళ్లకి వస్తేనే ఎక్కువ ప్రమాదం.

పొట్లాలు విప్పడం ఒక తంతు. రాత్రి పదకొండు దాటాక, ధాన్యం గదిలో, తలుపు వేసి. చేతులు కడిగి, తుడిచి, పౌడరు రాసుకుని కత్తెర పట్టుకుంటాడు. కార్డులు ఒక్కొక్కటే జరుపుతాడు, చివరి దాని మీద బొటనవేలు ఆనించి ఆగుతాడు. పీటల మీద తెర దించే ముందు పెళ్లికొడుకు ముఖం ఎలా ఉంటుందో అలా ఉంటుంది. రెక్కలున్న నారింజ రంగు చారిజార్డ్ వస్తుందని ఆశ. వచ్చేది సాధారణంగా చేప. 360 కార్డుల్లో ముచ్చటపడేవి పదో పన్నెండో. మిగతావన్నీ పోయిన పెట్టెలో వచ్చినవే. "పెట్టెకి పద్నాలుగు వేలు పెట్టి చేపలు తెచ్చారా? నిజాంపట్నం పోతే నిజం చేపలే వచ్చేవి" అంది మా అక్క.

బావ వ్యవసాయం సంగతి చెప్పాలి. వేసేది బాపట్లలో పుట్టిన బీపీటీ 5204, లోకం సాంబ మసూరి అనేది. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదు. బావ ధాన్యం ఏ ఏడూ ఆ గీత లోపల నిలవలేదు. ఆరబెట్టమంటే ఎండ లేదంటాడు, పట్టా కప్పమంటే పట్టా చిరిగిందంటాడు. కాని కార్డులకి మాత్రం చెప్పుల పెట్టెల్లో వచ్చే తేమ పీల్చే గుళికల పొట్లాలు తెనాలి షాపులన్నీ తిరిగి అడుక్కొచ్చాడు. గాలిలో తేమ ఎక్కువైతే మెరుపు కార్డు వంకర తిరుగుతుందట. గదిలో తేమ చూసే చిన్న గడియారం కూడా గోడకి కొట్టాడు. తుపాను హెచ్చరిక వస్తే ఊరంతా కుప్పల మీదికి పట్టాలు పట్టుకుని పరిగెడుతుంది, బావ ధాన్యం గదిలోకి పరిగెడతాడు. పాపం, గదిలో ధాన్యం మాత్రం ఉండదు.

కార్డుకీ గ్రేడు ఉంది. అమెరికాలో పీఎస్ఏ అని ఒక సంస్థ ఉంది. కార్డు పంపితే మూలలు, అంచులు, బొమ్మ నడిమధ్యన పడిందా లేదా చూసి, పదికి ఇన్ని అని మార్కులేసి, ప్లాస్టిక్ బిళ్లలో బిగించి పంపుతుంది. లోగన్ పాల్ అనే ఆయన పదికి పది వచ్చిన పికాచు ఇలస్ట్రేటర్ కార్డు ఒకదాన్ని 2021లో 52 లక్షల 75 వేల డాలర్లకి తీసుకున్నాడు. 2022లో దాన్ని గొలుసుకి వేలాడదీసి, మెడలో వేసుకుని కుస్తీ పోటీకి వచ్చాడు. ఆ వీడియో బావ అక్కకి చూపించాడు. అక్క నిదానంగా చూసింది. "ఆయన మెడలో వేసుకున్నాడు. మీరు నా మెడలోది తీశారు" అంది.

అక్క డ్వాక్రా గ్రూపు లీడరు. ఏ సంఖ్య విన్నా బస్తాల్లోకి మార్చుకుంటుంది. ఆ పికాచు, అంటే ఎలుక బొమ్మ కార్డు, అప్పటి మన డబ్బులో దగ్గర దగ్గర 40 కోట్లు. గ్రేడ్-ఎ ధాన్యానికి 2025-26లో ఇచ్చిన మద్దతు ధర క్వింటాలు 2,389 చొప్పున 75 కిలోల బస్తా 1,790 చిల్లర. అంటే 2 లక్షల 20 వేల బస్తాల పైమాట. ఎకరానికి 30 వేసుకున్నా 7 వేల ఎకరాలు. "ఒక ఎలుక కోసం" అని లెక్క ముగించింది. ఎలుకలు ధాన్యం తినడం ఆమెకి తెలుసు, మరీ ఇంత తినడం వినలేదు.

అప్పు అనే మాట బావ నోట రాదు. 'రొటేషన్' అంటాడు. ఎరువుల కొట్లో తీసుకుని చిట్టీ కడతాడు, చిట్టీ పాడుకుని బంగారం విడిపిస్తాడు, విడిపించింది ఇంకోచోట పెట్టి ఎరువుల కొట్లో కడతాడు. మధ్యలో ఎక్కడో ఒక పెట్టె కొంటాడు. చక్రం తిరుగుతూనే ఉంటుంది కాబట్టి డబ్బు ఎక్కడా ఆగలేదని ఆయన నమ్మకం. పద్దుల పుస్తకం కూడా రాస్తాడు. అందులో పోకెమాన్ పెట్టెలన్నీ 'పురుగుమందు' కింద ఉంటాయి. ఒకసారి వ్యవసాయాధికారి ఆ పుస్తకం చూసి, ఎకరానికి ఇంత మందు కొడితే మనుషులు బతకరు జాగ్రత్త అని చెప్పి వెళ్లాడు.

మధ్యలో ఒక బ్యాంకు క్రెడిట్ కార్డు ఇచ్చింది. కార్డుతో కార్డులు కొనడంలో బావకి ఏదో పవిత్రత కనిపించింది. బిల్లు 40 వేలు వస్తే కింద కనీసం కట్టాల్సింది 2 వేలు అని ఉంది. "ఎంత మర్యాదస్థులు! ఊళ్లో ఎవడన్నా ఇలా అడుగుతాడా?" అని మురిసిపోయాడు. పెద్దవీధిలో వడ్డీకిచ్చే పెద్దాయన ఆ కాగితం తీసుకుని, కళ్లజోడు పెట్టుకుని చదివాడు. నెలకి నూటికి మూడున్నర వడ్డీ, అంటే 1,400. దాని మీద 18 శాతం జీఎస్టీ, 252. "అబ్బాయ్, నువ్వు కట్టిన రెండు వేలల్లో అసలుకి పోయింది 348" అన్నాడు. కాసేపు కాగితం కేసి చూసి, "నేను నూటికి రెండు తీసుకుంటేనే రక్తం తాగుతానంటారే! వీళ్లు మూడున్నర తీసుకుని పుట్టినరోజుకి శుభాకాంక్షలు కూడా పంపుతారా?" అని బాధపడ్డాడు. కార్డు బాకీల మీద ఏడాదికి 30 శాతం మించి వడ్డీ వద్దన్న 2008 నాటి వినియోగదారుల కమిషన్ తీర్పుని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు కొట్టేసిందని నేను చెబితే, తాను కూడా బ్యాంకు పెట్టి ఉండాల్సిందన్నట్టు వీధి చివరి దాకా చూశాడు.

ఇక ప్రామిసరీ నోట్లు. బావ రాసిన ప్రతి నోటు మీదా సాక్షి సంతకం నాదే. చుండూరులో నా చేతిరాత ఎక్కువ ఇళ్లల్లో ఉన్నది ఆ కాగితాల మీదే. బావ నోటు రాసే తీరు చూడాలి. స్టాంపు వంకర పోకుండా అంటిస్తాడు, సంతకం దాని మీదుగా అడ్డంగా తేలిపోతుంది. ఇన్నేళ్లలో కొట్టివేత ఒక్కటి లేదు. 50 వేల నోటు, నూటికి రెండు చొప్పున మూడేళ్లకి 36 వేలు వడ్డీ. మూడేళ్లు దాటితే నోటుకి కాలదోషం పడుతుంది కాబట్టి ఆ లోపు 86 వేలకి తిరగరాస్తారు. ఇంకో మూడేళ్లకి అదే లక్షా 47 వేల 920. ఇంత తొందరగా విలువ పెరిగిన కార్డు బావ దగ్గర ఒక్కటి లేదు. పెరిగేదేమో తాను రాసిచ్చిన కాగితం, దాచుకునేదేమో ఎవరో అచ్చేసిన కాగితం.

ఈ సంగతి ఊరు ఎప్పుడో గ్రహించింది. బావ నోట్లు చేతులు మారుతుంటాయి. ఎరువుల కొట్టాయన తన దగ్గరున్నది వెనక బదిలీ రాసి బియ్యం మిల్లాయనకి ఇచ్చాడు. మిల్లాయన దాన్ని ఇంకొకరికి గేదె బాకీలో సర్దాడు. టీ బంకు దగ్గర ఒక సాయంత్రం నా చెవులతో విన్నాను.

"నీ దగ్గర బావగారి 2021ది ఉందా?"

"ఉంది గాని, వెనక చెల్లు లేదు."

"చెల్లు లేనిది నాకెందుకు? 2022ది ఉంటే చూడు, 2023లో ఐదొందలు చెల్లు పడింది. దాని బదులు నా దగ్గరవి రెండిస్తా."

కార్డు వెనక చిన్న గీత పడితే విలువ పోతుంది. నోటు వెనక కట్టినట్టు రాత పడితే, గడువు అక్కడి నుంచి మళ్లీ మొదలై, విలువ నిలుస్తుంది. ఆ తేడా తప్ప మిగతా ఆటంతా ఒకటే. చెల్లు పడిన బావ నోటు అరుదు కాబట్టి, గిరాకీ కూడా దానికే.

మొన్న సంక్రాంతి ముందు పెద్దాయన కబురు పెట్టాడు. నేనూ వెళ్లాను, ఎటూ సాక్షి కావాలి కదా. ఇనప్పెట్టె సర్దుతుంటే అడుగున ఒక నోటు దొరికిందట. 2005ది. 3 వేలు. హైదరాబాదు ఆబిడ్స్ ఆదివారం బజారులో పాత బిగ్ ఫన్ కార్డుల కట్ట కనపడిందని బావ రాసిన మొదటి నోటు. ఎప్పుడో కాలం చెల్లింది, చెల్లు లేదు, కోర్టుకి పనికిరాదు. "చించేద్దామనుకున్నా అబ్బాయ్, నీ ఎదురుగానే చించుదామని పిలిచా" అన్నాడు పెద్దాయన. ఆ వయసులో ఆ మాట అనడానికి చాలా మంచితనం కావాలి.

బావ చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగు మావయ్యా."

జేబురుమాలుతో వేళ్లు తుడుచుకుని నోటు రెండు చివర్లా పట్టుకున్నాడు. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురులో వంచి చూశాడు. మూలలు నలగలేదు. మడత లేదు, పాలిథిన్ కవర్లో ఉంది. స్టాంపు రంగు కూడా పోలేదు. సంతకం సరిగ్గా నడిమధ్యన పడింది.

"పదికి పది" అన్నాడు, గొంతు పూడుకుపోయి. "ఎంతకిస్తావ్?"

పెద్దాయన నన్ను చూశాడు. నేను గోడ మీది క్యాలెండరు చూశాను. నలభై ఏళ్లుగా వడ్డీ వ్యాపారం చేస్తున్న మనిషి, చెల్లని నోటుకి బేరం వస్తే ఏమనాలో తెలియక కాసేపు తడుముకున్నాడు. చివరికి అలవాటే గెలిచింది.

"అసలు మూడు వేలు కదా, ఐదియ్యి."

"చేతిలో లేవు మావయ్యా, నోటు రాస్తాను."

మనవణ్ణి పిలిచి స్టాంపుకి పంపాడు పెద్దాయన. నేను పెన్ను తీసి మూత విప్పాను. వాడు గుమ్మం దాటుతుంటే బావ వెనకనుంచి కేకేశాడు.

"ఒరేయ్, రెండు తీసుకురా! ఒకటి నాకు. అంచులు చిరగనిది చూసి తే!"