పాలరాళ్ల మధ్య పడవ షికారు

మధ్యప్రదేశ్‌లోని జబల్‌పూర్‌కు సుమారు 25 కిలోమీటర్ల దూరాన, భేడాఘాట్ దగ్గర నర్మద పాలరాతిని నిలువునా కోసుకుంటూ పారుతుంది. ఈ పనికి నదికి లక్షల ఏళ్లు పట్టింది. పొద్దున బయల్దేరిన కుటుంబం దాన్ని చూసే పనిని సాయంత్రం టీ వేళకు ముగించేస్తుంది.

మొదటి మజిలీ ధువాధార్ జలపాతం. ఎత్తు సుమారు 30 మీటర్లు. దారి పొడవునా రాతి శివలింగాలు, ఏనుగులు అమ్మే దుకాణాలే. నదికి రాయి అడ్డురాలేదు గానీ, యాత్రికులకు వస్తుంది. జలపాతం దగ్గర తుంపర పొగలా పైకి లేస్తుంది. కటకటాల పక్కన ఫొటో దిగేవారు మొదట జుట్టు సవరించుకుంటారు, తర్వాత కళ్లజోడు తుడుచుకుంటారు, ఆఖరికి ఫోను తుడుచుకుంటారు. తడవడం ఇష్టం లేనివారికి రోప్‌వే ఉంది. అందులోంచి జలపాతంతోపాటు తడిసినవారినీ చూడవచ్చు. దానికి వేరే టికెట్టు లేదు.

రెండోది, వందకు పైగా మెట్లెక్కితే వచ్చే చౌసఠ్ యోగినీ ఆలయం. కలచురి రాజుల కాలంలో, 10వ శతాబ్దంలో కట్టారు. పేరులో 64 మంది యోగినులు. గుండ్రటి ప్రాకారంలో గూళ్లు మాత్రం 81. లెక్క తేలనివారు తప్పును మెట్ల ఆయాసం మీదికి నెట్టి కిందికి దిగుతారు.

అసలు వినోదం పంచవటి ఘాట్‌లో పడవ ఎక్కాక మొదలవుతుంది. రెండువైపులా తెలుపు, బూడిద రంగు గోడలు. వాటిలో ఏది ఏనుగో, ఏది నందో నిర్ణయించే అధికారం పడవ నడిపేవాడిది. అతని వ్యాఖ్యానమంతా ప్రాస కలిసిన హిందీ. 1960 నాటి 'జిస్ దేశ్ మే గంగా బెహతీ హై' చిత్రీకరణ ముచ్చట కూడా అందులో ఉంటుంది. సినిమా పేరులో గంగ, తెర మీద నర్మద. పడవలో ఎవరూ అభ్యంతరం చెప్పరు. హిందీ రాని తెలుగు యాత్రికుడు పక్కవాళ్లు నవ్విన చోటల్లా నవ్వుతాడు, ఒక్క క్షణం ఆలస్యంగా. 'బందర్ కూదనీ' దగ్గర ఒకప్పుడు కోతులు ఈ గట్టు నుంచి ఆ గట్టుకు దూకేవట. ఇప్పుడు గట్ల మధ్య దూరం పెరిగింది కనుక కోతి లేకుండానే కథ పూర్తవుతుంది.

పున్నమి రాత్రుల్లో ఈ షికారుకు గిరాకీ ఎక్కువ. వానాకాలంలో పడవలు ఆపేస్తారు. వరద మరీ ఎక్కువైతే దిగువ నీళ్లు పైకి లేచి జలపాతమే మునిగిపోతుంది. నీళ్లు నిండుగా ఉన్నప్పుడే జలపాతం చూడాలనే సూత్రం అందరికీ తెలుసు. ధువాధార్‌కు మాత్రం తెలియదు.