పిహెచ్‌డి చేసి పీరియడ్ల లెక్కన బతకడం ఎలా?

ముందు నెట్ పరీక్ష రాసి, పరిశోధన చేసేవాళ్లకిచ్చే జేఆర్‌ఎఫ్ తెచ్చుకోండి. 2023 జనవరి నుంచి నెలకు 37 వేలు, తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ అయితే 42 వేలు, పైన ఇంటద్దె. మీ జీవితంలో ఇదే స్వర్ణయుగం కాబట్టి థీసిస్ తొందరపడి ముగించకండి. పట్టా చేతికొచ్చిన రోజు నుంచి మీరు మేధావి. మేధావికి అంత డబ్బెందుకు?

రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ మూలవేతనం 57,700. ఆ అంకెను కాగితమ్మీద రాసి పర్సులో పెట్టుకోండి, పర్సు మరీ పల్చగా ఉండదు. నోటిఫికేషన్ వస్తుంది, దాని వెనకే కోర్టు కేసూ వస్తుంది. ఈలోగా గెస్ట్ లెక్చరర్‌గా చేరండి. తెలంగాణ సర్కారు జూనియర్ కాలేజీలో పీరియడ్‌కు 390 రూపాయలు, నెలకు 72 పీరియడ్లు మించరాదు. గుణిస్తే 28,080. చదువుకుంటున్నప్పుడు వచ్చినదానికన్నా చదువు చెబితే తక్కువన్నమాట! యూజీసీ 2019లో పీరియడ్‌కు 1,500, నెలకు 50 వేల వరకూ ఇవ్వొచ్చంది. ఆ పరిమితి దాటి యూనివర్సిటీలు దివాలా తీసిన దాఖలా ఎక్కడా లేదు.

ఇక పండగలంటే ఇష్టం తగ్గించుకోండి. దసరా, సంక్రాంతి, బంద్, భారీ వర్షం... పిల్లలు కేరింతలు కొడుతుంటే మీరు పోయిన పీరియడ్లు లెక్కేసుకోవాలి. వేసవిలో ఉపవాసం ఒంటికి మంచిది. బడ్జెట్ రిలీజ్ కాక నాలుగు నెలల జీతం ఆగితే ప్రభుత్వమే మీ తరఫున పొదుపు చేస్తోందనుకోండి. జూన్‌లో రెన్యువల్ ఉందో లేదో ప్రిన్సిపాల్‌ను అడగొద్దు, పాపం ఆయనకూ తెలీదు.

విసుగెత్తి ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీకి పోతారా? శుభం. ఒరిజినల్స్ వాళ్ల బీరువాలో భద్రంగా ఉంటాయి, వాటితోపాటు మీరూ. కొన్నిచోట్ల బ్యాంకులో నిండు జీతం పడుతుంది. సాయంత్రానికల్లా అందులో కొంత నగదుగా తిరిగిచ్చేస్తే చాలు. ఎప్‌సెట్ ఫలితాలొచ్చాక అడ్మిషన్ల కోసం ఊళ్లు తిరగాలి. పేరు ముందు ‘డాక్టర్’ చూసి ఏ పెద్దాయనో మోకాలి నొప్పి చూపిస్తాడు. విసుక్కోకండి, ఆ ఇంట్లో ఇంటర్ పాసైన మనవడుండొచ్చు.

ఇంటి లోన్‌కు వెళ్తే బ్యాంకు మేనేజర్ మీ పాత విద్యార్థే కావచ్చు. లేచి నిలబడి, నమస్కారం పెట్టి, టీ తెప్పించి మరీ కుదరదంటాడు. బాధపడకండి. ఆదాయం నిలకడగా లేనివాడికి అప్పివ్వరాదన్న పాఠం అతనికి చెప్పింది మీరే.