మన్నెగూడ ఎర్తు సూత్రము: టీకా తాత్పర్య సహితము

అవతారిక

హైదరాబాదు నుండి నాగార్జునసాగరమునకు పోవు రహదారిపై, తుర్కయంజాలు దాటిన పిమ్మట, ఇబ్రహీంపట్నము చేరుటకు ముందు, మన్నెగూడ యను నూరు కలదు. ఈ దారి కొనయందు కృష్ణాజలముతో 800 మెగావాట్లకు పైబడిన విద్యుత్తును పుట్టింపజాలిన కేంద్రమున్నను, దారి మొదట, ఒకానొక సాయంసమయమున, ఇటుకల బరువుతో నిలిచిన ట్రాక్టరు ట్రాలీకి 5 వాట్ల టెయిలు దీపము వెలుగకుండెను. దాని డ్రైవరు, ఇరువదేండ్ల యువకుడు, అప్పటికి మూడు బల్బులు మార్చి నాలుగవదానికి బేరమాడుచుండగా, దుకాణపు ముసలి ఎలక్ట్రీషియను చేతిలోని చాయ గ్లాసు దింపకయే ఈ సూత్రమును పలికెను. ప్రక్క దుకాణమున నా కారు టైరునకు పంక్చరు వేయుచున్నందున వినుభాగ్యము నాకును కలిగెను.

మెదకుసీమలోని కొలిచెలమ వాడైన మల్లినాథసూరి, మూలమున లేనిదానిని వ్రాయనని ప్రతిన పట్టి కాళిదాస కావ్యములకు వ్యాఖ్య రచించెను. ఆ సీమకు దగ్గరవాడనే గనుక నేనును మేస్త్రి చెప్పనిదానిని చెప్పను. చెప్పినదానిలో నున్నదానిని విడువను.

మూలము

బల్బులు మార్చుడు బంజెయ్యి బిడ్డా, ముందుగాల ఎర్తు జూడు.

ప్రతిపదార్థము

బిడ్డా = ఓ కుమారా; బల్బులు = గాజుబుడ్డి దీపములను; మార్చుడు = మార్చుటను; బంజెయ్యి = మానుము; ముందుగాల = అన్నిటికంటె మొదట; ఎర్తు = వాహనపు భూసంబంధమును; జూడు = పరీక్షింపుము.

టీక

బిడ్డా: ఈ సంబోధనము వయోభేదమునే గాక, మూడు బల్బుల వెల పోగొట్టుకొన్న శిష్యునిపై గురువునకు గల జాలిని సూచించును. తిట్టదగిన చోట బిడ్డా యనుట ఈ సీమ గురువుల సంప్రదాయము.

బల్బులు: బహువచనము సాభిప్రాయము. ఒక్క బల్బు చెడుట లోకసహజము. ట్రాలీ దీపములన్నియు ఒక్కసారిగా ఆరినచో, అవి యన్నియు ఒకే ముహూర్తమున ప్రాణము విడిచినవని తలచుటకంటె, వానికి ఉమ్మడియైనదేదియో తెగినదని తలచుట యుక్తము.

మార్చుడు: గ్రాంథిక మర్యాద నెరిగినవారికి ఇచ్చట భ్రాంతి కలుగవచ్చును. మార్చుడు అనగా మీరు మార్పవలసినదని విధి కదా, బల్బులు మార్చుమనియే గురువు ఆజ్ఞాపించెనేమో యని కొందరందురు. డ్రైవరు ఆచరణము ఈ మతమునకే అనుకూలముగ నుండెను. అది సరికాదు. తెలంగాణమున మార్చుడు, తినుడు, పోవుడు మున్నగునవి క్రియానామములు. తరువాతి బంజెయ్యి యను పదముతో అన్వయించినప్పుడే వాక్యము నిలుచును. బంద్ పారసీకము, చెయ్యి తెలుగు. చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణమును ప్రకటించునాటికి ఈ దారిని ట్రాక్టరులు తిరుగకుండుటచే, ఇట్టి సంధులను విచారింపవలసిన అవసరము ఆయనకు కలుగలేదు.

ఎర్తు: ఇదియే సూత్రమునకు ప్రాణము. పూర్వపక్షి యిట్లనును: ఎర్తనగా భూమి, ట్రాలీ నిలుచునది రబ్బరు టైర్లపై, రబ్బరు విద్యుత్తును పోనీయదు, కావున ట్రాలీకి ఎర్తు అసంభవమని. దీనికి సమాధానము: గంగలో గొల్లపల్లె యన్నప్పుడు గంగ యొడ్డుననున్న పల్లెయని గ్రహించునట్లు, ఇచ్చట ఎర్తనగా లక్షణావృత్తిచే బ్యాటరీ నెగటివు కొనకు కలిపిన వాహనపు ఇనుపదేహము. బ్యాటరీనుండి తీగ వెంట వచ్చిన విద్యుత్తు ఫిలమెంటును వెలిగించి ఇనుముగుండ ఇల్లు చేరవలయును. కూడలికి వచ్చినదంతయు కూడలిని విడిచి పోవలయునని 1845లో కిర్కాఫ్ విధించిన నియమము ఇందుకు ప్రమాణము. పోవు దారి లేనిచో వచ్చుటయు లేదు.

ట్రాక్టరు నుండి ట్రాలీకి ఈ తిరుగుదారి యేది? ప్రత్యేకముగ తీగ వేయనిచోట, హుక్కును దాని పిన్నును మాత్రమే. ఆ పిన్నుపై గ్రీజు, గ్రీజుపై దుమ్ము, హుక్కుపై తుప్పు. బండి లాగునప్పుడు ఇనుము ఇనుమును ఒరసికొని దీపము వెలుగును. నిలిచినప్పుడు వదులై ఆరును. బండికి దయ్యము పట్టినదని డ్రైవరులు భ్రమించునది ఈ దశయందే.

ఇంకొక విచిత్రము కలదు. 21 వాట్ల బ్రేకు ఫిలమెంటును, 5 వాట్ల టెయిలు ఫిలమెంటును ఒకే గాజుబుడ్డిలో కాపురముండి ఒకే ఎర్తును పంచుకొనును. ఆ ఎర్తు తెగినచో, బ్రేకు త్రొక్కినప్పుడు విద్యుత్తు ప్రక్క ఫిలమెంటులో దూరి, టెయిలు తీగవెంట వెనుదిరిగి, ట్రాక్టరు దీపములగుండ అచ్చటి ఎర్తును చేరజూచును. కావున టెయిలు స్విచ్చు వేయకయే, బ్రేకు త్రొక్కగనే వేరొక దీపము మినుకుమన్నచో, అది బల్బు దోషము గాదు, దారి తప్పిన విద్యుత్తు ఇల్లు వెదకుకొనుట.

జూడు: చూడు అనవలసిన చోట జూడు అనుటకు కారణము ద్రుతము. ఎర్తున్ చూడు అన్నప్పుడు పరుషమైన చకారము సరళమైనది. నకారము మాత్రము చెవికి వినబడకపోయెను. కారణము లోపించినను కార్యము కానవచ్చుచున్నది. ఎర్తును ఇట్టిదే: తాను కనబడదు, దీపమునందే కనబడును. విషయమును వ్యాకరణముచేతనే నిరూపించిన సూత్రకారుని నేర్పును సహృదయులు గ్రహింతురుగాక.

శ్లేష

ఎర్తు జూడు అను మాటకు రెండర్థములు. ఉండదగిన చోట ఎర్తు లేకున్న దీపము వెలుగదు. ఉండదగని చోట ఎర్తు ఉన్న, అనగా తోలు చెదరిన తీగ ఛాసిసును తాకిన, ఫ్యూజు పోవును. ఫ్యూజు మాటిమాటికి పోవుచుండ దానికి బదులు లావు తీగ చుట్టుట రోగికి మందీయక థర్మామీటరును విరుచుట వంటిది.

పాఠభేదములు

ఏడు పిన్నుల సాకెట్టునకు ఐఎస్‌ఓ 1724 అను అంతర్జాతీయ ప్రమాణము శుద్ధపాఠమును నిర్ణయించినది: పసుపు ఎడమ ఇండికేటరు, ఆకుపచ్చ కుడి ఇండికేటరు, ఎరుపు బ్రేకు, తెలుపు ఎర్తు, నలుపు ఎడమ టెయిలు, గోధుమ కుడి టెయిలు. రోడ్డుప్రక్క వ్రాయసకాండ్రు మాత్రము చేతికందిన తీగతో ఈ గ్రంథమును తిరిగి వ్రాయుదురు. కావున రంగును నమ్మక, ప్రతి తీగను స్వయముగ పరిష్కరించుకొనవలయును.

ప్రయోగము

తొలుత ప్లగ్గు ఊడదీసి, ట్రాక్టరు సాకెట్టున ఎర్తు పిన్నుకు, తక్కిన పిన్నులకు ఒక్కొక్కదానికి నడుమ టెస్టు బల్బు నుంచి, స్విచ్చులు వేసి చూడవలయును. వెలిగినచో ట్రాక్టరు నిర్దోషి. తదుపరి ప్లగ్గు తగిలించి, బ్యాటరీ నెగటివు నుండి ఒక తీగను ట్రాలీ దీపపు లోహభాగమునకు తాకింపవలయును. దీపము వెలిగెనా, ఎర్తు దోషము సిద్ధము. మీటరును మాత్రమే నమ్మరాదు: తీగలో ఒక్క పోగు మిగిలినను మీటరు 12 వోల్టులు చూపును, బల్బు బరువు పడగనే ఆ పోగు ఓడిపోవును.

తాత్పర్యము

దీపము వెలుగనప్పుడు దీపమును నిందింపక, అందుండి మరలిపోవు దారినే వెదకుము.

ఫలశ్రుతి

మేస్త్రి గరుకు కాగితముతో బోల్టును రుద్ది, ట్రాలీకి వేరుగ ఒక ఎర్తు తీగ లాగెను. పాత బల్బులే వెలిగెను. ఇటుకల ట్రాలీ వెనుక ఎర్రదీపము లేకున్న, చీకటిలో వెనుకవచ్చువానికి అది గోడయే. కనుకనే 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములు ఆ దీపమును విధించినవి. చదువరులారా, ట్రాలీ తోలువారు మీలో నుండినచో, ప్రొద్దుగ్రుంకక మునుపే ఒకరు బ్రేకు త్రొక్కుడు, ఒకరు వెనుక నిలిచి చూడుడు. ఇచ్చటి త్రొక్కుడు, చూడుడు అనునవి మాత్రము విధ్యర్థములే.