అరవై అంగుళాల కథ

ఈ కథ ఒక దర్జీ టేపుది. పొడవు 60 అంగుళాలు, వెనక్కి తిప్పితే 150 సెంటీమీటర్లు. శ్రీకాకుళం జీటీ రోడ్డులో దారాలూ బొత్తాలూ అమ్మే దుకాణంలో వేలాడుతుంటే ఒక స్టాఫ్ నర్సు కొని డ్యూటీ సంచిలో వేసుకుంది. జాకెట్లు కొలవాల్సిన టేపు ఆ రోజు నుంచి మెడికల్ వార్డులో పొట్టలు కొలుస్తోంది.

కొలతకో పద్ధతుంది. పొద్దున్నే ఏమీ తినకముందు, మూత్రానికి వెళ్లొచ్చాక, మనిషిని వెల్లకిలా పడుకోబెట్టాలి. బొడ్డు మీదుగా టేపు చుట్టి, ఊపిరి వదిలాక అంకె చూడాలి. మర్నాడు కూడా సరిగ్గా అక్కడే చుట్టడానికి సిస్టరు అటూ ఇటూ పెన్నుతో చిన్న గీతలు పెడుతుంది. తాగుడుతో లివరు గట్టిపడి సిరోసిస్ ముదిరితే కడుపులో నీరు చేరుతుంది. ఆ నీరు పెరుగుతోందో తగ్గుతోందో ఈ టేపూ, బరువు మిషనూ కలిసి చెప్పాలి. కాళ్లవాపు లేని మనిషి రోజుకు అరకిలోకు మించి తగ్గిపోతుంటే, నీటిమాత్రలు ఎక్కువై కిడ్నీల మీద పడుతున్నాయేమోనని డాక్టరు డోసు చూసుకుంటారు.

ఒక పొట్టను ఈ టేపు రెండు విడతల్లో కొలిచింది. ఉద్దానం వైపు నుంచి వచ్చిన తాపీమేస్త్రిది. మొదటిసారి నీరు తీశారు, మాత్రలిచ్చారు, మందు మానెయ్యమని చెప్పి పంపారు. ఎలా మానాలో చెప్పే మనిషి అప్పుడు ఆ మంచం దగ్గర లేరు. కొన్ని నెలలకు అదే కడుపు, అంతే నీరు. ఈసారి కళ్లు కూడా పచ్చబడ్డాయి. మధ్యలో కామెర్లకని పసరు తాగించారు. తెలియకుండా కూరలో కలిపితే తాగుడు మాన్పిస్తుందని ఎవరో ఇచ్చిన పొడి కూడా పెట్టారు. అందులో ఏముందో ఇచ్చినవాడికే తెలియాలి.

రెండోసారి వార్డు తీరు వేరు.

చేరిన మర్నాటికి మేస్త్రి చేతులు వణికాయి, ఒళ్లంతా చెమట. ఆ రాత్రి గోడ మీద పురుగులు పాకుతున్నాయని కేకలేశాడు. ఎవరో చిల్లంగి పెట్టారని తల్లి ఏడ్చింది. రోజూ తాగే ఒంటికి మందు ఒక్కసారిగా ఆగితే ఇలా అవుతుందనీ, పట్టించుకోకపోతే ఫిట్స్ వచ్చి ప్రాణం మీదకు రావచ్చనీ సైకియాట్రీ డాక్టరు ఆమె పక్కన కూర్చుని చెప్పాడు. పాడైన లివరు కొన్ని మత్తుమందుల్ని త్వరగా బయటికి పంపలేదు. అందుకే లొరాజిపాం ఎంచుకుని, కొలిచి ఇచ్చారు. గ్లూకోజు కన్నా ముందు థయమిన్ ఎక్కించారు. ఆ విటమిను అడుగంటిన మనిషికి గ్లూకోజు ముందుగా పెడితే మెదడు దెబ్బతినే ప్రమాదముంది.

అసలు చర్చ మతి కుదుటపడ్డాక మొదలైంది. మళ్లీ తాగకుండా తోడ్పడే మందు ఏది ఇవ్వాలి? డైసల్ఫిరాం లివరుకే చేటు చేయగలదు, వద్దన్నారు. నాల్ట్రెక్సోన్‌కూ ఇంత ముదిరిన సిరోసిస్‌లో వెనకాడారు. అకాంప్రోసేట్‌తో లివరుకు పని లేదు, అది కిడ్నీల దారినే పోతుంది. కానీ మేస్త్రిది ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, పలాస, ఏ ఊళ్లో అడిగినా ఇంట్లోనో పక్కింట్లోనో కిడ్నీ రోగి ఉంటారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి వెలిసింది ఆ బాధ మీదే. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు వచ్చేదాకా అందరూ ఆగారు. అది కొంచెం ఎక్కువే ఉండడంతో అకాంప్రోసేట్‌నూ పక్కన పెట్టారు. మిగిలింది బాక్లోఫెన్. 2007లో ఇటలీ వైద్యులు 84 మంది సిరోసిస్ రోగులపై చేసిన పరీక్షలో, ఈ మాత్ర వేసుకున్నవారిలో 71 శాతం మంది తాగుడుకు దూరంగా ఉన్నారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 29 శాతమే. అదీ కిడ్నీల గుండా పోయేదే గనక తక్కువ డోసుతో మొదలుపెట్టి, మగతగా ఉంటే వెంటనే చెప్పమని భార్యకు రెండుసార్లు చెప్పారు. లివరు డాక్టరు ఒక చోట, మనసు డాక్టరు ఇంకో చోట విడివిడిగా చీటీలు రాసి ఉంటే ఈ లెక్క ఎవరు సరిచూసేవారు?

ఈ టేపు మేస్త్రి జబ్బ కూడా కొలిచింది. పొట్ట ఉబ్బినకొద్దీ చేతులు పుల్లలవుతాయి. కడుపులో నీటి బరువు ఒంట్లో కండ కరిగిన సంగతిని దాచేస్తుంది. పథ్యమని నెలల తరబడి గంజీ చారే పోశామంది భార్య. గుడ్డు, పప్పు, పచ్చి చేపల పులుసు పెట్టమంది డైటీషియన్. మానాల్సింది ఉప్పు: ఎండుచేపలు, ఆవకాయ. పాడైన లివరు రాత్రికి సరిపడా చక్కెర నిల్వ చేసుకోలేక కండను కరిగించుకుంటుంది గనక, పడుకోబోయే ముందు చోడిపిండి జావ తాగాలి.

ఢిల్లీ ఎయిమ్స్ ఆధ్వర్యంలో దేశమంతటా జరిపి, 2019లో నివేదిక వెలువరించిన సర్వే ఒక సంగతి తేల్చింది. మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. మిగతావాళ్లు ఆసుపత్రికే రారనుకోకూడదు. కామెర్లతోనో, నెత్తురు వాంతితోనో, విరిగిన కాలితోనో వస్తూనే ఉంటారు. వచ్చిన చోటే తాగుడుకూ వైద్యం దొరకాలి. అమెరికాలో మిచిగన్ విశ్వవిద్యాలయం వారు లివరు డాక్టరునూ సైకియాట్రిస్టునూ ఒకే క్లినిక్‌లో కూర్చోబెట్టింది ఇందుకే. జిల్లా వార్డులో దానికి కొత్త భవనం అక్కర్లేదు. వారానికో పూట లివరు డాక్టరు, మనసు డాక్టరు, డైటీషియన్, కౌన్సిలర్ నలుగురూ ఒకే మంచం దగ్గర నిలబడితే చాలు.

పొట్ట తగ్గింది. డిశ్చార్జి రోజున మేస్త్రి కౌన్సిలర్ని అడిగాడు: “ఒకేల మళ్లీ తాగీసినాననుకోండి బావూ, మీకాడికి రావొచ్చా?”

“తాగిన రోజే రా. తిట్టం. రాలేకపోతే ఫోన్ చెయ్యి.” చీటీ వెనక 14446 అని రాసిచ్చాడు, డీఅడిక్షన్ సహాయానికి ఉచిత నంబరు. ఎప్పుడెప్పుడు తాగబుద్ధవుతుందో అడిగితే, కూలి డబ్బులు చేతికొచ్చే శనివారం సాయంత్రమన్నాడు మేస్త్రి. శనివారాల్లో డబ్బులు భార్య వెళ్లి తీసుకునేలా ముగ్గురూ మాట్లాడుకున్నారు. తర్వాతి విజిటు శుక్రవారానికి రాశారు.